పద్నాలుగు గంటల ఎకానమీ ప్రయాణం: ఒళ్లు హూనం కాకుండా దిగాలంటే

ఎకానమీ సీటు వెడల్పు సుమారు 17–18 అంగుళాలు. ఒక వరుసకూ తర్వాతి వరుసకూ మధ్య దూరాన్ని పిచ్ అంటారు. దూరప్రయాణ విమానాల్లో అది ఎక్కువగా 30–32 అంగుళాలు ఉంటుంది. ఆ జాగాలో పది, పన్నెండు, ఒక్కోసారి పదహారు గంటలు కూర్చోవాలి. జాగా ఎలాగూ పెరగదు. అయితే దిగేసరికి మనిషి నలిగిపోవడానికి ఇరుకు ఒక్కటే కారణం కాదు. క్యాబిన్‌లో గాలి పీడనం తక్కువ, తేమ ఇంకా తక్కువ. ఇంజిన్ల హోరు ఆగదు, కాళ్లు కదలవు, ఒంట్లోని గడియారం ఒక ఊళ్లో ఉంటే చేతి గడియారం ఇంకో ఊళ్లో ఉంటుంది. వీటిలో ప్రతిదానికీ చేయగలిగింది ఉంది. ఆ పనుల్లో సగం మాత్రం విమానం ఎక్కకముందే అయిపోవాలి. తలుపులు మూశాక గుర్తొస్తే చేసేదేమీ ఉండదు.

ముందు క్యాబిన్ సంగతి

విమానం 35,000 అడుగుల పైన ఎగురుతున్నా, లోపలి పీడనాన్ని 6,000–8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుగా ఉంచుతారు. మామూలు పరిస్థితుల్లో 8,000 అడుగులు గరిష్ఠ పరిమితి. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 విమానాల బాడీలో కార్బన్ ఫైబర్ ఎక్కువ కాబట్టి అవి లోపల ఇంకాస్త ఎక్కువ పీడనాన్ని తట్టుకుంటాయి. వాటిలో కొండ ఎత్తు 6,000 దగ్గర ఉంటుంది. ఆ తేడా చిన్నదిగా కనిపించినా పన్నెండు గంటల తర్వాత తలనొప్పి, బడలిక విషయంలో తెలుస్తుంది.

పీడనం తగ్గితే రెండు జరుగుతాయి. నేల మీద 97–99 శాతం ఉండే రక్తంలోని ఆక్సిజన్ 90–94 దగ్గరకు దిగవచ్చు. ఆరోగ్యవంతులకు ఇది ప్రమాదం కాదు, కానీ నీరసంగా, మగతగా ఉంటుంది. రెండోది, ఒంట్లో మూసుకుని ఉన్న గాలి దాదాపు మూడో వంతు దాకా వ్యాకోచిస్తుంది. కడుపు ఉబ్బరం, సైనస్ నొప్పి, చెవుల దిబ్బడ అన్నీ దీనివల్లే.

బయట మైనస్ 50 డిగ్రీల చలిలో ఉన్న గాలిలో తేమ దాదాపు ఉండదు. దాన్నే లోపలికి తీసుకుని వెచ్చబరుస్తారు. అందుకే క్యాబిన్‌లో తేమ 10–20 శాతమే. ముక్కు, గొంతు, కళ్లు, పెదవులు ముందుగా దెబ్బతినేది ఇందుకే.

1. సీటు ఎంచుకోవడం

టికెట్ కొన్న రోజే చేయాల్సిన పని ఇది. ముందు ఏ విమానమో చూడండి. బోయింగ్ 777లో వరుసకు పది సీట్లు, అంటే 3-4-3 ఉంటే వెడల్పు 17 అంగుళాల దగ్గరే. 787లో 3-3-3 అమరిక, అక్కడా దాదాపు అంతే. ఏ350లో 3-3-3 అయితే 18కి దగ్గర. ఏ330లో 2-4-2 అమరిక, 18 అంగుళాలు. ఇద్దరు కలిసి వెళ్తుంటే ఏ330లో పక్కనున్న జంట సీట్లను మించినవి లేవు, మూడో మనిషి ఉండడు. ఒకే దారిలో రెండు విమానాలు అందుబాటులో ఉండి, ధరలో పెద్ద తేడా లేకపోతే ఆ ఒక్క అంగుళం కోసం విమానం మార్చుకున్నా తప్పు లేదు. భుజానికీ మోచేతికీ ఆ అంగుళమే కావాలి.

తర్వాత కిటికీ పక్కనుండే విండోనా, నడిచే దారి పక్కనుండే ఐలా? నిద్ర ముఖ్యమైతే విండో. తల వాల్చడానికి గోడ ఉంటుంది, వెలుగు మన చేతిలో ఉంటుంది, ఎవరూ లేపరు. కాళ్లు ముఖ్యమైతే ఐల్. విండోలో కూర్చున్నవాళ్లు పక్కవాళ్లను లేపడానికి మొహమాటపడి గంటల తరబడి కదలకుండా ఉండిపోతారు. రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవాళ్లు, గర్భిణులు, తరచూ టాయిలెట్‌కు వెళ్లాల్సినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మరో ఆలోచన లేకుండా ఐల్ తీసుకోవాలి. నాలుగు సీట్ల మధ్య వరుసలో ఐల్ ఇంకా మేలు. లోపలివాళ్లకు అటు పక్క కూడా దారి ఉంటుంది కాబట్టి మిమ్మల్ని లేపేది తక్కువ.

మంచివిగా కనిపించి మోసం చేసే సీట్లు కొన్ని ఉన్నాయి. గోడ ఎదురుగా ఉండే బల్క్‌హెడ్ వరుసలో ముందు సీటు వెనక్కి వాలదు, నిజమే. కానీ ట్రే టేబుల్ చేతి పట్టెలోంచి వస్తుంది. అందువల్ల పట్టె పైకి లేవదు, సీటు వెడల్పు కొంచెం తగ్గుతుంది. కాళ్ల దగ్గర బ్యాగు పెట్టుకోవడానికి చోటుండదు. పసిపిల్లల ఊయల తగిలించేదీ ఆ గోడకే. ఎగ్జిట్ వరుసలో కాళ్లు బారజాపుకోవచ్చు, కానీ తలుపు దగ్గర చలి ఎక్కువ, టాయిలెట్ క్యూ మీ ముందే నిలబడుతుంది. ఎగ్జిట్‌కు ముందున్న వరుస, చిట్టచివరి వరుస చాలా విమానాల్లో వెనక్కి వాలవు. ఆ రెండూ వద్దు. కొన్ని సీట్ల కింద స్క్రీన్లకు సంబంధించిన ఇనుప పెట్టె ఉండి ఒక కాలు చాపనివ్వదు. సీట్ మ్యాప్ వివరాలిచ్చే వెబ్‌సైట్లలో ఆ సంగతి రాసి ఉంటుంది.

కుదుపులంటే భయమున్నవాళ్లు రెక్కల మీద వరుసలు చూసుకోవాలి. విమానం ఊగేది ఆ చోటు చుట్టూనే కాబట్టి అక్కడ ఊపు తక్కువ, తోక దగ్గర ఎక్కువ. హోరు మాత్రం రెక్కల ముందు వరుసల్లో తక్కువ, వెనక ఎక్కువ.

ఇద్దరుంటే ఒక చిట్కా. వెనక భాగంలో మూడు సీట్ల వరుసలో విండో, ఐల్ తీసుకుని మధ్యది వదిలేయండి. విమానం నిండకపోతే మధ్య సీటు ఖాళీగా మిగిలే అవకాశం ఎక్కువ. ఎవరైనా వస్తే వాళ్లకు విండోనో ఐలో ఇవ్వండి, కాదనేవాళ్లు ఉండరు. చెక్-ఇన్ తెరుచుకోగానే, సాధారణంగా బయల్దేరడానికి 24 నుంచి 48 గంటల ముందు, మ్యాప్ మరోసారి చూడండి. అప్పటిదాకా ఆపి ఉంచిన మంచి సీట్లు అప్పుడే వదులుతారు.

2. వారం ముందు చేయాల్సినవి

గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, ఇటీవల ఆపరేషన్ అయినవాళ్లు, ఇంతకుముందు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు డాక్టర్‌ను కలవకుండా బయల్దేరకూడదు. కంటి ఆపరేషన్‌లో గ్యాస్ బుడగ పెట్టి ఉంటే అది కరిగేదాకా విమానం ఎక్కనే కూడదు. అది వ్యాకోచిస్తే చూపే పోవచ్చు. చేతికో కాలికో కొత్తగా పూర్తి పిండికట్టు వేసి ఉంటే ఒకటి రెండు రోజులు ఆగమంటారు, లేదా కట్టును చీల్చి వదులు చేయిస్తారు. లోపల వాపు పెరిగి బిగుసుకుపోతుంది మరి. గర్భిణులకు చాలా ఎయిర్‌లైన్లు 36 వారాల దాకా, కవలలైతే 32 దాకా అనుమతిస్తాయి. 28 వారాలు దాటితే డాక్టర్ ఉత్తరం అడుగుతాయి.

కాళ్లను బిగించి పట్టి వాపు రాకుండా చూసే కంప్రెషన్ సాక్స్ కొనేదీ ఇప్పుడే. మోకాలి కిందిదాకా వచ్చేవి, చీలమండ దగ్గర 15–30 ఎంఎం పాదరసం ఒత్తిడి ఇచ్చేవి తీసుకోండి. మొదటిసారి వాడేవాళ్లకు 15–20 చాలు. చెప్పుల సైజు చూసి కొనకూడదు. ఉదయం నిద్రలేవగానే, వాపు లేనప్పుడు, చీలమండ సన్నగా ఉన్న చోటా పిక్క లావుగా ఉన్న చోటా టేపుతో కొలిచి ఆ కొలతలకు సరిపోయేది ఎంచుకోవాలి. బిగుతు పైన ఎక్కువై కింద తక్కువైతే మేలు బదులు కీడు జరుగుతుంది. కాళ్లకు రక్తం సరిగా పారని ధమనుల జబ్బు ఉన్నవాళ్లు, షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గినవాళ్లు డాక్టర్ చెప్పకుండా వేసుకోకూడదు.

నిద్రమాత్ర వాడాలనుకుంటే ముందు ఇంట్లో ఒక రాత్రి వాడి చూడాలి. అసలైతే వద్దనే మా మాట. ఆరేడు గంటలు మెడ వాల్చి కదలకుండా పడి ఉండటం కాళ్లకు మంచిది కాదు. అత్యవసరమైతే లేవలేని స్థితి ఇంకా ప్రమాదం.

3. బ్యాగులో ఏముండాలి

పైన లాకర్‌లో పెట్టే బ్యాగు వేరు, కాళ్ల దగ్గర ఉండే చిన్న సంచి వేరు. ప్రయాణంలో కావాల్సినవన్నీ చిన్న సంచిలోనే ఉండాలి. సీట్ బెల్ట్ లైటు గంటసేపు వెలిగే ఉంటే పైన లాకర్‌లో ఉన్న కంటిచుక్కలు ఎందుకూ పనికిరావు.

- ఖాళీ వాటర్ బాటిల్, 750 మి.లీ. నుంచి లీటరు. సెక్యూరిటీ దాటాక నింపుకోవాలి.
- ప్రిజర్వేటివ్ లేని కంటిచుక్కలు, ఉప్పునీటి ముక్కు స్ప్రే లేదా జెల్, లిప్ బామ్, చిన్న మాయిశ్చరైజర్. చాలా ఎయిర్‌పోర్టుల్లో ఇంకా ఒక్కో డబ్బా 100 మి.లీ. మించకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక కవర్లో పట్టాలి.
- కళ్లగంత, ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు, నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్.
- 3.5 ఎంఎం వైరు. సీటు ముందున్న స్క్రీన్లు చాలావరకు బ్లూటూత్‌కు కలవవు. వైరు లేకపోతే ఖరీదైన హెడ్‌ఫోన్స్ ఉండీ సినిమా వినలేరు.
- పల్చటి స్వెటర్ లేదా పెద్ద శాలువా. చలికీ, నడుము వెనక పెట్టడానికీ ఒకటే పనికొస్తుంది.
- ప్రయాణం మొత్తానికి, ఆపై ఇంకో రెండు మూడు రోజులకు సరిపడా మందులు, వాటి అసలు ప్యాకింగ్‌లోనే, ప్రిస్క్రిప్షన్‌తో. ఇన్సులిన్ చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, గడ్డకట్టి పాడయ్యే ముప్పు ఉంది.
- టూత్ బ్రష్, ఒక జత లోదుస్తులు, ఒక టీషర్టు.

పవర్ బ్యాంక్ చేతి సామానులోనే ఉండాలి. 100 వాట్-అవర్ (బ్యాటరీ సామర్థ్యానికి కొలత) దాకా అనుమతి అడగక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్-అవర్, సరిపోతుంది. ఇటీవల కొన్ని ఎయిర్‌లైన్లు విమానంలో దాన్ని వాడనివ్వడం లేదు, లాకర్‌లో పెట్టనివ్వడం లేదు. ముందే నియమాలు చూసుకోండి.

బట్టలు వదులుగా ఉండాలి. బిగుతు జీన్స్ నడుము పట్టీ ఉబ్బిన పొట్టను, తొడల మడతలను నొక్కుతుంది. బూట్లు లేసులున్నవో సాగేవో అయితే మేలు, పాదాలు వాచి దిగేటప్పటికి అర సైజు పెరిగినట్టుంటాయి. చెప్పులు లేకుండా సాక్స్‌తో టాయిలెట్‌కు వెళ్లకండి, ఆ నేల మీద ఉన్నదంతా నీళ్లే కాదు.

4. ఎక్కిన మొదటి ఇరవై నిమిషాలు

కూర్చోగానే చేతి గడియారం దిగబోయే ఊరి సమయానికి మార్చండి. ఇప్పటినుంచి ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి అన్నది ఆ గడియారమే చెప్పాలి.

తర్వాత సీటును పరీక్షించండి. తల ఆనించే చోట రెండు వైపులా రెక్కలుంటే పైకి లాగి, లోపలికి మడిచి తలకు పట్టేలా అమర్చుకోండి. స్క్రీన్, చార్జింగ్ పనిచేయకపోతే తలుపులు మూయకముందే చెప్పండి. వేరే సీటు దొరికేది అప్పుడే. ఐల్ వైపు చేతి పట్టె కదలదనుకుంటారు చాలామంది. ఎక్కువ విమానాల్లో దాని కింద, వెనక కీలు దగ్గర వేలితో తడిమితే చిన్న మీటో బొత్తామో తగులుతుంది. అది నొక్కితే పట్టె పైకి లేస్తుంది. టేకాఫ్, ల్యాండింగ్ సమయంలో మాత్రం కిందికే ఉండాలి.

ఫోన్ సీటు సందులోకి జారితే సీటును ముందుకీ వెనక్కీ కదపకండి. మరలో నలిగి బ్యాటరీ అంటుకుంటుంది. సిబ్బందిని పిలవండి, వాళ్లకు దాన్ని తీసే పద్ధతి తెలుసు.

5. కూర్చునే తీరు

నడుము నొప్పి అసలు కారణం సీటు గట్టిదనం కాదు. కటి ముందుకు జారి, వెన్ను సి ఆకారంలో వంగిపోవడం. అరగంటకే ఆ స్థితికి వచ్చేస్తాం, గమనించం. ముందు పిరుదులను సీటు మూలదాకా నెట్టండి. శాలువానో దుప్పటినో పిడికిలి మందంలో చుట్టి, బెల్ట్ గీతకు కాస్త పైన, నడుము ఒంపులో పెట్టండి. మరీ లావుగా చుడితే వెన్ను ముందుకు తోసినట్టై ఇంకో రకం నొప్పి వస్తుంది. గంటకోసారి దాన్ని రెండంగుళాలు పైకో కిందికో జరపండి, లేదా కాసేపు తీసేయండి. ఎంత మంచి భంగిమైనా కదలకుండా ఉంటే పాడే.

పొట్టిగా ఉన్నవాళ్లకు పాదాలు నేలకు ఆనక, సీటు అంచు తొడల కింద నరాలను, సిరలను నొక్కుతుంది. తిమ్మిరి అక్కడినుంచే. చిన్న సంచిని పాదాల కింద పెట్టి మోకాళ్లు తుంటికి సమానంగా వచ్చేలా చూసుకోండి. ముందు ట్రేకు వేలాడదీసే పాదాల ఊయలలు కొన్ని ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు. అవి ముందు సీటునూ లాగుతాయి. పొడుగువాళ్లు ముందు సీటు జేబులోని పుస్తకాలు, బాటిళ్లు తీసేస్తే మోకాళ్లకు అంగుళం పైనే దొరుకుతుంది. పర్సు వెనక జేబులో ఉంటే తీసేయండి, ఒక పక్క తుంటి ఎత్తై పిరుదు నరం నొక్కుకుపోతుంది.

వాలేముందు వెనక్కి ఒకసారి చూసి, మెల్లగా వాలండి. వెనకవాళ్ల కాఫీ, ల్యాప్‌టాప్ భద్రంగా ఉంటాయి. భోజనం వేళ నిటారుగా పెట్టాలి.

6. కాళ్లు: అన్నిటికన్నా ముఖ్యమైన పని

నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి వదిలినప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని పైకి నెడుతుంది. కదలకుండా కూర్చుంటే ఆ పంపు ఆగిపోతుంది. నీరు పాదాల్లోకి దిగి వాపు వస్తుంది. కొందరిలో సిరలోనే రక్తం గడ్డకడుతుంది. దాన్నే డీవీటీ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణంతో ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. ఆరోగ్యవంతుల్లో అది సుమారు 6,000 మందిలో ఒకరికే. కాబట్టి అందరూ బెంబేలెత్తాల్సిన పని లేదు. కానీ క్యాన్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇటీవలే ప్రసవించినవాళ్లు, ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు, స్థూలకాయులు, ఇటీవల ఆపరేషన్ అయినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మెలకువగా ఉన్నంతసేపు ప్రతి అరగంటకూ ఈ వరుస చేయండి. నాలుగైదు నిమిషాల పని.

మడమలు నేలకు ఆనించి, పాదాలు పైకెత్తి దించడం 20 సార్లు. వేళ్లు నేలకు ఆనించి మడమలు ఎత్తి దించడం 20 సార్లు, పిక్క గట్టిగా బిగిసినట్టు తెలియాలి. ఒక్కో పాదంతో గాల్లో సున్నాలు చుట్టడం, అటు పది, ఇటు పది. ఒక్కో మోకాలిని కాస్త పైకెత్తి ఐదు అంకెలు లెక్కపెట్టి దించడం, ఐదేసి సార్లు. చివరగా పిరుదులు బిగించి ఐదు సెకన్లు పట్టి వదలడం, పదిసార్లు. దీనివల్ల తోక ఎముక దగ్గర నొప్పీ తగ్గుతుంది.

రెండు గంటలకోసారి లేచి వెనక వంటగది దాకా నడవండి. అక్కడ ఒక నిమిషం నిలబడి మడమల మీద లేచి దిగండి. సీట్ బెల్ట్ లైటు వెలిగితే మాత్రం కూర్చోవాలి. కాలు మీద కాలు వేసుకోవడం, ఒక కాలు మడిచి దాని మీద కూర్చోవడం మానండి.

కంప్రెషన్ సాక్స్ ఇంటి దగ్గరే, పొద్దున్నే వేసుకోండి. వాచాక ఎక్కవు. మడత ఒక్కటీ ఉండకూడదు. పొడుగైందని పై అంచును కిందికి మడిస్తే అక్కడ రెట్టింపు బిగుతై, తాడు కట్టినట్టు రక్తాన్ని ఆపేస్తుంది. మోకాలి మడతకు రెండు వేళ్లు కింద ఆగాలి. కేవలం ప్రయాణం కోసమని ఆస్పిరిన్ వేసుకోకండి. డాక్టర్లు దీనికి సిఫారసు చేయరు, కడుపులో రక్తస్రావం ముప్పు మాత్రం ఉంటుంది.

7. నీళ్లు, తిండి, కడుపు

గంటకు ఒక చిన్న కప్పు, సుమారు 200 మి.లీ. నీళ్లు చాలు. లీటర్లకు లీటర్లు తాగితే ముక్కు తడవదు. ముక్కుకు ముక్కు దగ్గరే తడి కావాలి. నాలుగు గంటలకోసారి ఉప్పునీటి స్ప్రే, కళ్లల్లో చుక్కలు, పెదవులకు బామ్. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లద్దాలు పెట్టుకోండి. శాలువా ముక్కు మీదుగా వేసుకుంటే మన ఊపిరిలోని తేమే మనకు తిరిగొస్తుంది, ఖర్చులేని ఉపాయం. టాయిలెట్ కుళాయి నీళ్లు తాగకండి.

ముందు రోజు సాయంత్రం నుంచే చిక్కుడు గింజలు, క్యాబేజీ, సోడా, కూల్‌డ్రింకులు, చూయింగ్ గమ్ తగ్గించండి. నేల మీద ఉన్న గ్యాస్ పైన మూడో వంతు పెరుగుతుందని గుర్తుంటే ఎందుకో చెప్పక్కర్లేదు. వచ్చిన గ్యాస్‌ను ఆపుకోకండి, లేచి టాయిలెట్‌కు వెళ్లండి. రెండు భోజనాలూ పూర్తిగా తినాలన్న పట్టుదల వద్దు, సగం తిని ఆపితే కడుపు తేలిగ్గా ఉంటుంది. విమానంలో ఉప్పు, తీపి నాలుకకు తక్కువగా తెలుస్తాయి కాబట్టి రుచి లేదని అదనంగా ఉప్పు చల్లుకోకండి, పాదాల వాపు పెరుగుతుంది.

మద్యం విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం: పడుకునే ముందు ఒక్క గ్లాసు కూడా వద్దు. ఇప్పటికే తగ్గిన ఆక్సిజన్ మద్యం తాగి పడుకుంటే ఇంకా పడిపోతుంది, నిద్ర ముక్కలవుతుంది. కాఫీ, టీలు పడుకోబోయే ఆరు గంటల ముందు ఆపేయాలి.

8. హోరు, వెలుగు, నిద్ర

క్యాబిన్ హోరు 80–85 డెసిబెల్స్ దగ్గర, అదీ గంటల తరబడి. మనకు తెలియకుండానే దిగేసరికి తల బరువెక్కడంలో దీని పాత్ర పెద్దది. నాయిస్ క్యాన్సిలింగ్ ఇంజిన్ల బొంగురు గుయ్యిని బాగా అణచేస్తుంది, మాటలనూ పిల్లల ఏడుపునూ అంతగా అణచదు. అందుకే ఫోమ్ ప్లగ్ పెట్టుకుని పైన హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే రెండూ తగ్గుతాయి. ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నలిపి, ఇంకో చేత్తో చెవిని పైకి వెనక్కి లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా అర నిమిషం పట్టి ఉంచాలి. బయటికి పొడుచుకుని కనిపిస్తే సరిగా దిగలేదన్నట్టే.

మెడ దిండు గురించి ఒక మాట. యూ ఆకారంలో ఉండే దిండును అందరూ వెనక లావు భాగం వచ్చేలా పెట్టుకుంటారు. ఎకానమీ సీటు వాలేది నాలుగైదు అంగుళాలే. వెనక లావుగా ఉంటే తల ముందుకు తోసుకుపోయి గడ్డం ఛాతీకి పడుతుంది. దాన్ని తిప్పి లావు భాగం గడ్డం కిందికి తెచ్చుకోండి, లేదా తల వాలే పక్కకు పెట్టుకోండి. కొనేముందు నిటారు కుర్చీలో ఇరవై నిమిషాలు కూర్చుని చూస్తే తేలిపోతుంది. విండో సీటులో దిండు కన్నా మడిచిన స్వెటరే గోడకూ చెంపకూ మధ్య బాగా ఇముడుతుంది.

పడుకునే ముందు టాయిలెట్‌కు వెళ్లి, పళ్లు తోముకుని రండి. భోజనం బండ్లు బయల్దేరకముందైతే క్యూ ఉండదు. సీట్ బెల్ట్‌ను దుప్పటి మీదినుంచి, కనిపించేలా పెట్టుకోండి. కుదుపులొచ్చినప్పుడు సిబ్బంది దాన్ని చూసి లేపకుండా వెళ్తారు. భోజనానికి లేపొద్దని ముందే చెప్పండి. విండో పక్క కాళ్లకు చలి కొడుతుంది, గోడవైపు దుప్పటి అంచు దోపండి. స్క్రీన్ ఆర్పేయడం మర్చిపోకండి.

ఏడెనిమిది గంటల నిద్ర పట్టకపోయినా దిగులొద్దు. గంటన్నర, గంటన్నర చొప్పున రెండు కునుకులు పడినా ఫరవాలేదు. నిద్ర పట్టలేదని గడియారం చూస్తూ కూర్చుంటే ఆ కాస్తా రాదు.

9. కిందికి దిగేటప్పుడు చెవులు

ఎక్కేటప్పుడు చెవిలోని గాలి దానంతటదే బయటికి పోతుంది. దిగేటప్పుడు గొంతునుంచి మధ్య చెవికి వెళ్లే సన్నని గొట్టం తెరుచుకుంటేనే గాలి లోపలికి వెళ్లాలి. జలుబుతో అది వాచి ఉంటే తెరుచుకోదు. అందుకే దిగేటప్పటి నొప్పి ఎక్కువ. నిద్రలో గుటకలు తక్కువ కాబట్టి, దిగడానికి 40 నిమిషాల ముందు లేపమని చెప్పి పెట్టుకోండి.

దిగడం మొదలవగానే, నొప్పి రాకముందే పని మొదలుపెట్టాలి. ముందు గుటకలు, ఆవులింతలు, నీళ్లు చిన్న గుక్కలుగా. చాలకపోతే ముక్కు మూసి గుటక వేయండి. అప్పటికీ తెరుచుకోకపోతే నోరు, ముక్కు మూసి, బుగ్గలు ఉబ్బించకుండా మెల్లగా గాలిని ముక్కులోకి తోయండి. ఒకటి రెండు సెకన్లు చాలు. టిక్కుమన్న శబ్దం వస్తే చాలు, ఇంకా బలంగా ఊదకండి. చెవిపొర దెబ్బతింటుంది. రెండు మూడు నిమిషాలకోసారి మళ్లీ చేయండి.

జలుబుంటే దిగడానికి గంట ముందు ముక్కు దిబ్బడ విప్పే స్ప్రే కొట్టుకోవచ్చు. బీపీ, గుండె జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే. పసిపిల్లలకు దిగేటప్పుడు పాలు పట్టండి, గుటక పడుతుంది. సైనస్ బాగా నిండి చెవులు ముందే మూసుకుని ఉంటే ప్రయాణం వాయిదా వేయడమే మంచిది.

10. దిగాక: గడియారం సరిచేయడం

కాలమానంలో ఒక్కో గంట తేడాకు ఒంటికి సుమారు ఒక రోజు పడుతుంది. మన లోపలి గడియారం 24 గంటలకన్నా కాస్త పెద్దది కాబట్టి పడమరకు వెళ్తే ఆలస్యంగా పడుకోవడం తేలిక, తూర్పుకు వెళ్తే ముందుగా పడుకోవడం కష్టం. బయల్దేరే మూడు రోజుల ముందునుంచి తూర్పుకైతే రోజుకు అరగంటో గంటో ముందు, పడమరకైతే అంతే ఆలస్యంగా పడుకుంటే భారం తగ్గుతుంది.

అన్నిటికన్నా బలమైన మందు వెలుగు. కానీ వేళ తప్పితే అదే వెనక్కి లాగుతుంది. మామూలుగా నిద్రలేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి అతి తక్కువ స్థాయికి పడుతుంది. ఆ వేళకు ముందు తగిలిన వెలుగు గడియారాన్ని వెనక్కి జరుపుతుంది, అంటే నిద్ర ఆలస్యమవుతుంది. తర్వాత తగిలింది ముందుకు జరుపుతుంది, అంటే నిద్ర త్వరగా వస్తుంది. ఉదాహరణకు ఇంట్లో ఏడింటికి లేచేవాళ్లకు ఆ వేళ ఐదు అనుకుందాం. తూర్పుకు ఆరు గంటల తేడా ఉన్న ఊళ్లో దిగితే అది అక్కడి 11 గంటలు. కాబట్టి మొదటిరోజు పొద్దున 11 దాకా నల్లద్దాలు పెట్టుకుని నీడన ఉండాలి, 11 నుంచి 2 దాకా ఎండలో తిరగాలి. తర్వాత ఈ వేళలను రోజుకో గంట చొప్పున త్వరగా మొదలుపెడుతూ రావాలి. దిగగానే ఎండలో నడవండని అందరూ ఇచ్చే సలహా ఇక్కడ ఎదురుతిరిగేది ఇందుకే. పడమరకు ఆరు గంటలైతే లెక్క సులువు, సాయంత్రం పొద్దుపోయేదాకా వెలుగులో ఉంటే చాలు.

నిద్రవేళైందని ఒంటికి తెలిపే హార్మోన్ మెలటోనిన్‌ను మాత్రగా వాడితే 0.5 నుంచి 3 మిల్లీగ్రాములు, ఆ ఊరి రాత్రి పడుకునే వేళకు, మూడు నాలుగు రోజులు. కొన్ని దేశాల్లో ప్రిస్క్రిప్షన్ లేనిదే ఇవ్వరు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు సొంతంగా వాడకూడదు. పగలు కునుకు తప్పనిసరైతే 20–30 నిమిషాలకు అలారం పెట్టుకోండి.

పాదాల వాపు రెండు కాళ్లకూ సమానంగా ఉంటే కాళ్లు ఎత్తున పెట్టి పడుకోండి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఆ కాలిని మర్దన చేయించకండి, గడ్డ కదలవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే అంబులెన్స్ పిలవాలి. ఇవి దిగిన కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు. అప్పటికి ప్రయాణం సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు, డాక్టర్‌కు మాత్రం ఏ రోజున ఎన్ని గంటలు ప్రయాణించారో తప్పకుండా చెప్పండి.